మూడు కొండలు దాటిన కేక

అనగా అనగా, కేకల మీద నడిచే రాజ్యం ఒకటి ఉండేది.

అక్కడ కబురు పంపాలంటే కొండ మీద నిలబడి కేక వేసేవారు. ఆ కేక విన్న కావలివాడు పక్క కొండకు అందించేవాడు. విన్నది విన్నట్టే పంపాలి. ఒక్క మాట తగ్గకూడదు, ఒక్క మాట పెరగకూడదు. అదీ కట్టుబాటు.

కేకలు నేర్పే బడి రాజధాని పక్క కొండ మీద ఉండేది. గురువు పేరు ఘంటయ్య. శిష్యుల్లో వకుళ అనే పిల్లకు అందరికంటే పెద్ద గొంతు. ఫరాజీ వచ్చి చేరేదాకా ఆమెకు ఎదురు లేదు.

ఫరాజీ వాళ్ళది సముద్రం అవతలి దేశం. రాజుగారి గుర్రాలను సాకడానికి ఓడలెక్కి వచ్చి, మూడో కొండ కింద ఇళ్ళు కట్టుకున్నారు. నల్లని ఒళ్ళు, ఉంగరాల జుట్టు. నెల తిరక్కుండానే ఫరాజీ కేక వకుళ కేకను దాటిపోయింది. వకుళకు అన్నం సయించలేదు.

ఒకనాడు ఏరు పొంగింది.

"వకుళా, నీ వంతు. కబురు పంపు" అన్నాడు గురువు.

"ఏటికి నీరొచ్చింది, జాగ్రత్త!" అని కేక వేసింది వకుళ.

ఫరాజీ అప్పుడు బడిలో లేడు, మంచినీళ్ళు తేవడానికి దిగువకు వెళ్ళాడు. వెనక పిల్లలు చూస్తున్నారు. వకుళకు కొంటెబుద్ధి పుట్టింది. అదే రాగంలో మరో కేక వేసింది. ఫలానా జాతివాళ్ళున్నారు, జాగ్రత్త అని.

ఆ జాతికి ఆమె పెట్టిన పేరు ఈ కథలో చెప్పుకోం. వాళ్ళ ఒంటిరంగును మసితో కలిపి, చంటిపిల్ల నుంచి ముసలివాళ్ళ దాకా అందరినీ ఒక్క తిట్టులో చుట్టే మాట అది.

పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. "సరదాకేలే" అంది వకుళ.

గురువూ విన్నాడు. "రెండోసారి గొంతు ఇంకా బాగా లేచింది" అన్నాడు. అంతే అన్నాడు.

మొదటి కొండ అందుకుంది. రెండో కొండ అందుకుంది. మూడో కొండ కూడా అందుకుంది.

మర్నాడు ఫరాజీ బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడోనాడు గురువుకు మనసు నిలవక, వకుళను వెంటబెట్టుకుని బయల్దేరాడు.

మొదటి కొండ కింద పిల్లలు ఆ మాటను పాట కట్టి గంతులేస్తున్నారు. కావలివాడు వకుళను చూసి, "నువ్వేనా అమ్మాయ్! భలే పంపావు. మా ఊళ్ళో అందరి నోటా అదే!" అన్నాడు. వకుళ నవ్వబోయింది. నవ్వు రాలేదు.

రెండో కొండ కింద సంత జరుగుతోంది. ఫరాజీ వాళ్ళలో ఒక పెద్దాయన ఖాళీ గోనె పట్టుకుని తిరుగుతున్నాడు. ఎవరూ ఆయనకు గింజలు కొలిచి ఇవ్వడం లేదు.

"ఎందుకవ్వా ఇవ్వవు?" అని జొన్నలమ్మే ముసలమ్మను అడిగాడు గురువు.

"నాకేం పగ నాయనా? జాగ్రత్త అని కేక వచ్చింది. ఏరు పొంగిందన్న నోటితోనే వచ్చింది. ఏటి మాట నిజమైతే ఇదీ నిజమే కదా!"

మూడో కొండ కింద బండి కట్టి ఉంది. ఫరాజీ తల్లి జైనబు మూటలు ఎక్కిస్తోంది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు గురువు.

"మీ కేకలు వినపడని చోటికి."

వకుళ ముందుకొచ్చింది. "అమ్మా, ఆ కేక నాది. ఏదో సరదాకి..."

జైనబు మూట దించింది. "సరదాయే కదా! వాడు ఎదురుగానే ఉన్నాడు. అదే మాట మెల్లగా, వాడి ముఖం చూసి అను. మేమూ నవ్వుతాం."

ఫరాజీ గుర్రం కళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. వకుళ నోరు తెరిచింది. మూడు కొండలు దాటిన మాట మూడడుగులు దాటలేకపోయింది.

"మా చెల్లికి నాలుగేళ్ళు" అన్నాడు ఫరాజీ. "పొద్దున చెయ్యి రుద్దుకుంటూ, ఈ మసి ఎప్పుడు పోతుందన్నయ్యా అని అడిగింది. నేనేం చెప్పను?"



"తప్పు నాది కూడా" అన్నాడు గురువు తల దించుకుని. "గొంతు ఎంత దూరం పోయిందో చూశాను. ఏం మోసుకుపోయిందో చూడలేదు."

"ఆ కేకను వెనక్కి పిలవండి అయ్యవారూ!" అని ఏడ్చింది వకుళ.

"ఆ విద్య ఎవరికీ రాదు తల్లీ. విన్నవాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళాల్సిందే."

వకుళ నడిచింది. సంతలో దిబ్బ ఎక్కి, "ఏటి మాట నిజం. రెండో మాట గురువుగారు పంపమన్నది కాదు, నాది. అసూయ కొద్దీ అన్నాను" అని చెప్పింది.

"రేపు ఇదీ అబద్ధమంటావేమో!" అని ఎవరో వెక్కిరించారు. ఆమె ఊరుకోలేదు. గడప గడపకూ తిరిగి అదే చెప్పింది. మూడో రోజుకు జొన్నల ముసలమ్మ కుంచం చేతికి తీసుకుని, "ఆ గోనె ఇటు పట్టు నాయనా" అంది.

జైనబు మూటలు విప్పింది. ఒక్కటి మాత్రం కట్టే ఉంచింది.

ఫరాజీ బడికి వచ్చాడు. వకుళ పక్కన కూర్చోలేదు. కూర్చోమని ఆమె అడగనూ లేదు.

మొదటి కొండ కింద ఆ పాట ఏళ్ళ తరబడి అప్పుడప్పుడూ వినపడుతూనే ఉండేది. వినపడినప్పుడల్లా వకుళ చేస్తున్న పని ఆపి, కొండ దిగి వెళ్ళేది.

కాబట్టి పిల్లలూ, మనిషి ముఖం చూసి అనలేని మాటను అతని జాతి మీదికి విసరకూడదు. విసిరినవారికి అది క్షణం సరదా, తగిలినవారికి బతుకంతా బరువు.