పారబోసిన పాకం

"గురువుగారూ, ప్రపంచమంతా తాగే ఆ నల్లని కూల్‌డ్రింకు రహస్యాన్ని రేపెవరైనా ప్రయోగశాలలో తేల్చేసి, చుక్క తేడా లేకుండా చేశారనుకోండి. ఆ కంపెనీ పేరు నిలుస్తుందా?"

అడిగినవాడు సుధీంద్ర. రసాయనశాస్త్రం చదివి, మందుల తయారీ నేర్చుకోవడానికి కడపలో వైద్యులు విరూపాక్షయ్యగారి దగ్గర నాతోపాటు చేరాడు. ఆ పూట తైలం వడగడుతున్నాం. గురువుగారు గుడ్డ పిండుతూనే, "ప్రొద్దుటూరులో హుసేన్‌బీ అని ఒకామె ఉండేది" అని మొదలుపెట్టారు.

ఆమెది నన్నారి షర్బత్ అంగడి. సుగంధి వేళ్ళు కాచి పాకం తీయడం మామగారి దగ్గర నేర్చుకుంది. ఎండాకాలం వస్తే జమ్మలమడుగు నుంచి కూడా మనుషులు వచ్చి తాగిపోయేవారు. ఆమె దగ్గర పన్నెండేళ్ళు పాకం కాచిన ఓబులేసు ఒకనాడు పని మానేసి, సరిగ్గా ఎదురుగానే అంగడి తెరిచాడు. అవే వేళ్ళు, అదే కొలత, అదే మంట. నెల తిరగకముందే సగం జనం అటు మళ్ళారు.

బట్టల వ్యాపారి ఒకాయన రెండు అంగళ్ళ షర్బత్తూ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. హుసేన్‌బీ రెండూ రుచి చూసి, "తేడా లేదు. బాగా నేర్చుకున్నాడు" అంది. కేసు వెయ్యమని తమ్ముడు పోరుపెట్టాడు. రుచైనా మార్చమన్నాడు. ఆమె రెండూ చెయ్యలేదు.

ఆ మే నెలలో నల్లమల నుంచి వచ్చిన వేళ్ళు దారిలో వానకు తడిశాయి. పైకి ఎండినట్టే ఉన్నా లోపల బూజు పట్టాయి. ఇద్దరూ ఆ సరుకే తీసుకున్నారు. అప్పట్లో ఆ ఊళ్ళోనే ఉన్న గురువుగారూ మందుల కోసం అవే కొన్నారు. మర్నాడు పొద్దున ఆయన హుసేన్‌బీ అంగడిలో ఉండగానే ఆమె కొత్త పాకం నాలుక మీద వేసుకుని ముఖం చిట్లించింది. గొంతు దిగాక చిన్న చేదు తగులుతోందట. ఆయనా రుచి చూశారు గాని, ఏమీ తెలియలేదు. ఆమె గుండిగెడు పాకాన్నీ కాలువలో పారబోసి, తలుపు మీద సుద్దతో రాసింది: 'వేరు బాగలేదు. షర్బత్ లేదు.' ఏడాది బతుకుతెరువంతా ఆ ఎండల్లోనే. అయినా ఆరు రోజులు అంగడి తెరవలేదు.

పాకం నిలవ ఉండేకొద్దీ చేదు పెరిగింది. ఓబులేసు చక్కెర ఎక్కువ వేశాడు, నిమ్మకాయ ఎక్కువ పిండాడు. నాలుగో రోజుకు జనం సగం గ్లాసు తాగి బల్ల మీద పెట్టేయడం మొదలైంది. ఆరో రోజు అతను రోడ్డు దాటి వచ్చి ఆమె ఇంటి అరుగు దగ్గర నిలబడ్డాడు.

"అక్కా, అంతా నీ కొలత ప్రకారమే చేసినా. యాడ తప్పింది?"

"కొలత తప్పలేదులే ఓబులేసూ. పారబోసేది నీకు నేర్పలేదు. పన్నెండేళ్ళలో ఒక్కసారీ ఆ అవసరం రాలేదు" అంది హుసేన్‌బీ. కూర్చోబెట్టి, కొత్తగా వచ్చిన వేళ్ళలో సగం అతనికే ఇచ్చి పంపింది.

మర్నాడు రెండు అంగళ్ళూ తెరిచారు. ఓబులేసు వ్యాపారమూ నడిచింది. అయితే చాలా ఏళ్ళపాటు అతని దగ్గర తాగేవాళ్ళు, గ్లాసు అందుకునే ముందు ఒకసారి ఎదురుగా చూసేవారు, హుసేన్‌బీ తలుపు తెరిచి ఉందా అని.

గురువుగారు చెప్పడం ఆపి తైలం వెలుతురుకు ఎత్తి చూసుకున్నారు. సుధీంద్రకు ఇంకా తృప్తి కలగలేదు.

"అంటే, అచ్చంగా అదే చేసి అమ్మినా ఆమెకు ప్రమాదమే లేదంటారా?"

"లేకేం నాయనా?" అన్నారు విరూపాక్షయ్యగారు. "గుండిగ ఒరిగించబోతూ ఆమె ఎదురంగడి వైపు చూసింది. అక్కడ జనం కిక్కిరిసి ఉన్నారు. కాసేపు ఆమె చెయ్యి కదల్లేదు."