రాగిరేకు మీద దివానుగారు

రంగనాథుణ్ణి ఒక్కసారి తలచుకుని ముందుకు జరగండి. నవ్వొస్తే ఆపుకోకండి, ఆయనేమీ అనుకోడు.

చింతలగిరి సంస్థానాన్ని పెదరామభూపతి ఏలే రోజుల్లో, ఓడ కెప్టెను ఒకడు ఆయనకు లండను నుంచి తెచ్చిన బొమ్మల కట్ట కానుకిచ్చాడు. అన్నీ అక్కడి మంత్రుల బొమ్మలే. ఒకడి ముక్కు గుమ్మడికాయంత. ఇంకొకడి బొజ్జ బల్ల దాటి వేలాడుతోంది. రాగిరేకు మీద చెక్కి, సిరా పూసి, కాగితాల మీద అచ్చొత్తి వీధుల్లో అమ్ముతారట.

రాజుకు సరదా పుట్టింది. రాగిరేకుల మీద దానశాసనాలు చెక్కే సోమలింగాచారిని పిలిపించాడు.

"మన సభలో ఒకరిని ఇలా చెక్కు ఆచారీ. అందులో అబద్ధం ఉందని తేలితే మాత్రం నీ కుడి బొటనవేలు తీయిస్తాను."

బొటనవేలు పోతే ఉలి పట్టేదెలా? ఆచారి దండం పెట్టి వెళ్ళాడు.

పదో రోజు సభలో కాగితం విప్పారు. బొజ్జాయన ఒకడు రంగనాథుడి గర్భగుడి తెర చాటున వెల్లకిలా పడుకుని, శంఖచక్రాల ముద్రున్న, చెవి విరిగిన జాడీ ఎత్తి నెయ్యి గొంతులో పోసుకుంటున్నాడు. బుగ్గ మీద ఇంత పుట్టుమచ్చ. పేరు మాత్రం లేదు.

సభ కిసుక్కుమంది. మూడు నెలలుగా స్వామివారి పొంగలిలో నెయ్యి తగలడం లేదనీ, వంటశాలలో జాడీ మాయమైందనీ ఊరంతా ఎరిగిందే. చేసిందెవరో తెలియదు.

గుడి పెత్తనం చూసే దివాను గుండప్పయ్య లేచాడు. అందానికీ తెలివికీ తన తర్వాతే ఎవరైనా అనుకునే మనిషి.

"ప్రభూ, ఇది నేనే. నెయ్యి తాగానన్నది పచ్చి అబద్ధం. వాడి వేలు తీయించండి."

"మీరెందుకవుతారు బాబయ్యా," అన్నాడు ఆచారి వినయంగా. "మీ మచ్చ కుడి బుగ్గ మీద. ఈయనది ఎడమ బుగ్గ."

"చెక్కినవాడివి, నీకే తెలియదా? రేకు మీద కుడి, కాగితం మీద ఎడమవుతుంది. రేకు తెప్పించండి ప్రభూ."

తెచ్చారు. మచ్చ కుడి బుగ్గ మీదే ఉంది. దివాను మీసం దువ్వాడు.

"మచ్చలు పదిమందికి ఉంటాయండీ. ఈ బొజ్జ..."

"బొజ్జ నాదే."

"కావచ్చు. కానీ ఇలాంటి చెవి విరిగిన జాడీ తమబోటి వారింట ఎందుకుంటుంది?"

"ఎందుకుండదోయ్? మూడు నెలలుగా మా వంటింటి అటక మీదే ఉంది. కావాలంటే..."

అక్కడ ఆగాడు.

ఆచారి చేతులు జోడించాడు.

"బొమ్మలో అబద్ధం లేదని దివానుగారే సాక్ష్యమిచ్చారు ప్రభూ. నా వేలు నాకు ఇప్పించండి."

రాజు సింహాసనం చేయి పట్టుకుని మరీ నవ్వాడు. సభ పడిపడి నవ్వింది. రాజు తన బంగారు కడియం తీసి ఆచారి చేతికే తొడిగాడు. రాజాజ్ఞ మీద దివానుగారు పట్టపగలు, మేళతాళాలతో, జాడీ నెత్తిన పెట్టుకుని గుడికి నడిచారు. నిండా నెయ్యే, ఆయన సొంత ఆవులది.