ఒంటిచక్రం బండి

1938 నవంబరు 9, బుధవారం. కాకినాడలో పొద్దుటినుంచీ ముసురు. గాలి లేదు, వాన సన్నగా, విసుగు లేకుండా పడుతోంది.

అడిగినదానికి సూటిగా జవాబు చెప్పే అలవాటు మా గురువుగారు, ప్లీడరు భమిడి అవధానులుగారికి, కోర్టులోనే ఉండేది. ఇంట్లో లేదు. ఆవేళ నాతోటి జూనియరు సూరపరాజు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. మునిసిపల్ ఎన్నికలో నలభై ఒక్క ఓట్ల తేడాతో ఓడి, తొమ్మిది రోజులుగా కోర్టు మొహం చూడలేదు. గెలిచిన కామేశంగారే మర్నాటి దావాలో అతనికి ఎదురు వకీలు.

"ఓడినవాడు ఏ మొహంతో వెళ్తాడండీ? రేపటి వాయిదా మీరే చూడండి," అన్నాడు.

"ముందు కూర్చోవయ్యా. తల తుడుచుకో," అని గురువుగారు మొదలుపెట్టారు.

ఆయనకు కాలేజీలో లెక్కలు చెప్పిన అమెరికా దొర ఒకాయన ఉండేవాడట. లెక్కలకంటే టమాటా మొక్కలమీద శ్రద్ధ ఎక్కువ. ఆ దొరగారి ఊళ్ళో ఏమోస్ పెల్హం అనే ప్లీడరు. రెండుసార్లు శాసనసభకు గెలిచి, మూడోసారి ధాన్యం వర్తకుడు హోర్టన్ చేతిలో ఓడాడు. అక్కడ పందెం ఒకటుంది: ఓడినవాడు గెలిచినవాణ్ణి ఒంటిచక్రపు తోపుడుబండిలో కూర్చోబెట్టి, కోర్టు గుమ్మందాకా బజారులో తోసుకుపోవాలి. స్నేహితులు వారం రోజులు ఊరొదిలి పొమ్మన్నారు. పెల్హం కోర్టు కోటు తొడుక్కుని బండి తెచ్చాడు.

హోర్టన్ రెండు బస్తాల మనిషి. బ్యాండు మోగుతోంది, జనం ఈలలు వేస్తున్నారు. మిల్లు మలుపులో చక్రం మురుగులో కూరుకుపోయింది. అక్కడ కాలవ తవ్వించడానికి పెల్హం నాలుగేళ్ళు పోరాడాడు. అక్కడ మురుగే లేదని ఎన్నికల సభల్లో చెప్పినవాడు హోర్టన్.

"దించవయ్యా నన్ను!" అని అరిచాడు హోర్టన్, బూట్లు పైకెత్తి.

"కోర్టుదాకా దిగకూడదని పందెం. అయినా లేని మురుగుకి భయమెందుకండీ, శాసనసభ్యులవారూ?" అన్నాడు పెల్హం, చెమట తుడుచుకుంటూ.

జనం విరగబడి నవ్వారు. కాసేపటికి హోర్టనూ నవ్వాడు. మోకాలిదాకా బురదతో పెల్హం అతన్ని కోర్టు గుమ్మంలో దించి, అటునుంచి అటే వెళ్ళి తన ఆఫీసు తలుపు తీశాడు. లోపలికి కక్షిదారులు ముగ్గురు వచ్చారు. ఆ ఏడే హోర్టన్ పట్టుబట్టి కాలవ తవ్వించాడు.

"మళ్ళీ నిలబడ్డాడాండీ?" అన్నాడు సూరపరాజు. అప్పటికి కూర్చున్నాడు.

"అది దొర చెప్పలేదు. పెల్హం ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు ప్రాక్టీసు చేసి పోయాడు. అతని వీలునామా సంగతి మాత్రం దొర చెప్పాడు. ఇల్లు భార్యకి. లా పుస్తకాలు ఆఫీసులో టైపు కొట్టిన అమ్మాయికి, తర్వాత ఆవిడా ప్లీడరైంది. బండి హోర్టన్‌కి."

"మూడుసార్లు నిలబెట్టిన పార్టీకో?"

"ఏమీ లేదు."

గురువుగారు కిటికీలోంచి చెయ్యి చాపి వాన చూశారు.

"ఇది రేపటికీ తగ్గేలా లేదు. కోర్టుకి గొడుగు తీసుకెళ్ళు. కామేశం ఎప్పుడూ మరిచిపోతాడు, కాస్త పెద్దది చూసి తీసుకెళ్ళు."