రోకలి పడితేనే భోజనం

"పడిందా?" తూర్పు వీధి చివర్నించి ఒక కేక.

"పడలే!" కోటలోంచి జవాబు.

పడాల్సింది రోకలి. ఏటిగడ్డ రాజు కోనమరాజుగారి సభలో, ఇత్తడి పళ్ళెంలో, పసుపునీళ్ళ మధ్య నిటారుగా నిలబడి ఉంది. సూర్యగ్రహణం పట్టగానే ఆస్థాన జ్యోతిష్కులు భైరవావధానిగారు దాన్ని స్వయంగా నిలబెట్టారు. "గ్రహణం ఉన్నంతసేపే నిలబడుతుంది. విడవగానే దానంతటదే పడుతుంది. అందాకా ఎవరూ దాన్ని తాకకూడదు, మెతుకు ముట్టకూడదు" అన్నారు. రాజుగారు చాటింపు వేయించేశారు.

గ్రహణం పొద్దున్నే విడిచింది. ఎండ మొహాన కొడుతోంది. రోకలి మాత్రం ఉలకదు, పలకదు!

లోపల చీకటి గదిలో నిండు చూలాలు రాకుమారి రత్నమాంబ, గ్రహణం కదా అని, కదలకుండా వెల్లకిలా పడుకునే ఉంది. "నాన్నగారూ, కళ్ళు తిరుగుతున్నాయండీ" అంటోంది. ఆ గొంతు వినగానే ఆస్థాన హాస్యగాడు చెంగన్న గబగబా అవధానిగారి దగ్గరికి నడిచాడు. ఎత్తుకు ఆడించిన పిల్లాయె!

"అవధానిగారూ, పైకి చూడండి. సూర్యుడు లడ్డూలా గుండ్రంగా ఉన్నాడు."

"అది పైకి కనపడే సూర్యుడురా చెంగన్నా. లోలోపల ఇంకా పట్టే ఉంది."

చెంగన్న వంటింటి రోకళ్ళన్నీ తెప్పించి వట్టి నేలమీద నిలబెట్టాడు. పళ్ళెం లేదు, పసుపు లేదు. అయినా అన్నీ నిలబడ్డాయి!

"చూశారా!" అన్నాడు.

"చూశారా ప్రభూ!" అని అవధానిగారు ఇంకా గట్టిగా అరిచారు. "ఇన్ని రోకళ్ళు నిలబడ్డాయంటే ఎంత గట్టి గ్రహణమో!"

సభంతా "ఆహా" అంది.

చెంగన్న తల పట్టుకున్నాడు. రుజువు చూపించేకొద్దీ ఈయన బలుస్తున్నాడే! ఎండ కనపడకనా? ఊరందరి ముందూ అన్న మాట, ఎలా మింగుతాడు పాపం? మింగకపోతే ఈయనకి పోయేదేముంది? ఆకలితో పడుకున్నది వేరేవాళ్ళు కదా!

అంతే, చెంగన్నకి తట్టింది.

"తప్పు నాదే ప్రభూ. గ్రహణం ఉంది, ఉండితీరాలి. మరి గ్రహణం విడిచేదాకా ఆస్థాన జ్యోతిష్కులు ఏట్లో పీకల్లోతు నీళ్ళలో జపం చెయ్యడం మన ఆచారం. పొద్దున దిగినవారు మధ్యలో గట్టెక్కి, పొడిబట్టల్లో ఇక్కడున్నారేం? రాజ్యం ఏమైపోవాలి!"

"అయ్యయ్యో, నిజమే!" రాజుగారు దిగ్గున లేచారు. "దింపండి ఏట్లోకి!"

రాజుగారితో సహా సభంతా గట్టుమీదికి చేరింది. పుష్యమాసపు నీళ్ళు. అవధానిగారి పళ్ళు టకటకలాడుతున్నాయి. రెండు మంత్రాలయ్యేసరికి గొంతు మెత్తబడింది.

"చెంగన్నా, నాయనా... పడిందేమో చూసొస్తావా?"

"చూసే వచ్చా స్వామీ. గునపంలా నిలబడింది. మీ మాటకి తిరుగుంటుందా? రేపటిదాకా ఢోకా లేదు!"

ఇంతలో ఏ చేప ఎక్కడ కొరికిందో, అవధానిగారు ఎగిరి గంతేశారు.

"మహాప్రభో! గ్రహణం పొద్దున్నే విడిచింది! సూర్యుడు భగభగమంటున్నాడు, ఒక్కరికీ కళ్ళు లేవా?"

"మరి రోకలో?" అన్నారు రాజుగారు.

"రోకలిదేముంది ప్రభూ! అడుగు చదునుగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుంది!"

గట్టంతా గొల్లుమంది. రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వి నవ్వి, చేతి కడియం తీసి చెంగన్నకి తొడిగారు. "వడ్డించండ్రా!" అన్నారు.

మొదటి విస్తరి రత్నమాంబది. ఆమె ముద్దపప్పు రెండోసారి అడిగాక గానీ రాజుగారు తన ముద్ద ఎత్తలేదు. చెంగన్న అవధానిగారికి పొడిపంచె ఇచ్చి, పక్కన పీట వాల్చాడు.

"నెయ్యి చాలా స్వామీ?"

"ఆపకు నాయనా" అన్నారు అవధానిగారు, విస్తట్లోంచి తలెత్తకుండా.