రేకు మరుగు దీపం

"ఇంట్లో కూర్చుని చదువుకోడానికి పాతకాలపు దీపం ఒకటి ఎంచుకుంటామనుకోండి. చూడవలసినవన్నీ చూసేశాక, ఆఖరున చూడవలసిన గుర్తు ఏమిటి మాస్టారూ?" అని పేర్రాజు అడిగాడు. చిదంబరం మాస్టారికి ఒక అలవాటు ఉంది. ఎవరైనా ప్రశ్న వేస్తే దగ్గర్లో ఉన్న చిమ్నీ ఒకటి అందుకుని, ముగ్గుపిండి అద్దిన గుడ్డతో లోపలా బయటా తుడవడం మొదలుపెడతారు. ఆ గాజు తళతళలాడేసరికి అడిగినవాడికి జవాబు తనంతట తానైనా తట్టాలి, లేదంటే అడిగిన సంగతైనా మరిచిపోవాలి. ఆ వేళా అంతే. తుడిచారు, వెలుతురుకి పట్టి చూశారు, మళ్ళీ తుడిచారు. జవాబు మాత్రం చెప్పలేదు.

మాస్టారు ఒకప్పుడు బళ్ళో డ్రాయింగు చెప్పేవారు. రిటైరయ్యాక రాజమండ్రి ఇన్నీసుపేటలో పాత దీపాల కొట్టు పెట్టుకున్నారు. కొట్టంటే కొట్టూ కాదు, ఇల్లంటే ఇల్లూ కాదు. ముందు గదిలో దీపాలు, వెనక గదిలో మరిన్ని దీపాలు, మధ్యలో ఆయన పడక్కుర్చీ. గుమ్మంలో అడుగుపెట్టగానే కిరసనాయిలు వాసన కమ్మగా పలకరిస్తుంది. కమ్మగా అన్నానని నవ్వకండి. దీపాలు పెట్టే వేళ అరుగు మీద బూడిదా గుడ్డపేలికా ముందేసుకుని కూర్చున్నవాళ్ళకి ఆ వాసన కమ్మగానే ఉంటుంది. పిల్లల చెయ్యి చిన్నది కనక చిమ్నీలోకి పట్టేది, అందుకని ఆ పని ఏ ఇంట్లోనైనా పిల్లలదే. పగలగొట్టామా, వీపు విమానం మోతే. అయినా మర్నాడు సాయంత్రానికి మళ్ళీ చిమ్నీ మన చేతికే వచ్చేది. ఆ సాయంత్రాలు ఎటు పోయాయో గానీ, కాసిని మాస్టారి కొట్లో అటకల మీద సర్ది ఉన్నాయని పేర్రాజుకి అనిపించేది. కరెంటు సామాను అమ్ముకునే ఇంట పుట్టినవాడు కిరసనాయిలు దీపాల వెంట పడ్డాడేమిట్రా అని వాళ్ళ వాళ్ళంతా నవ్వినా, అందుకే ఆయన్ని విడిచిపెట్టలేదు.

విడిచిపెట్టకపోవడమే కాదు, విద్య కూడా బాగా పట్టాడు. కొత్త ఇత్తడికి మందు పూసి నల్లబరిచారా, నిజంగా ఏళ్ళ తరబడి నలిగి నల్లబడిందా అన్నది వేలితో రాసి చెప్పేసేవాడు. వత్తి తిప్పే చెవి అరిగి ఉండాలి, ఆ అరుగుదల కూడా వేళ్ళు పడే చోటే ఉండాలి, అడుగున బరువు సమంగా ఉండాలి, మరలు బిగుసుకునే తీరు చూడాలి. ఇంట్లో పెట్టుకుని చదువుకునేదైతే దీపం మరీ పొడుగు ఉండకూడదు, మంట కళ్ళకి కిందుగా ఉండి వెలుగు పుస్తకం మీద పడాలి. ఇవన్నీ వచ్చాక కూడా ఇంకేదో ఒక గుర్తు మాస్టారు తన దగ్గర దాచుకున్నారని అతని అనుమానం. అందుకే ఆ ప్రశ్న.

ప్రశ్న అలా గాల్లో ఉండగానే రామతులసమ్మగారు ఆటో దిగారు. డెబ్భైకి దగ్గర పడిన మనిషి. తణుకు నించి వచ్చారు. ఆటోవాడు గోనెసంచుల్లో చుట్టిన రెండు దీపాలు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఆవిడ నీళ్ళు తాగి, కొంగుతో ముఖం తుడుచుకుని, సంగతి చెప్పారు. ఆవిడ నాన్నగారు ఈ ఊళ్ళోనే ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవారట. రాత్రిళ్ళు ఇంటికి తెచ్చుకుని దీపం దగ్గర దిద్దుకునేవారు. ఈవిడ ఇంకా బళ్ళో పడకముందే ఆయన పోయారు. తల్లి పిల్లని తీసుకుని పుట్టింటికి చేరింది, సామానంతా ప్లీడరు పెదనాన్నగారింట్లో ఉండిపోయింది. అన్నదమ్ములిద్దరూ ఒకే కొట్లో ఒకే రకం దీపాలు కొనుక్కున్నారు. ఇన్నేళ్ళకి పెదనాన్నగారి ఆఖరి కొడుకు బాపిరాజు పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే, అటక మీంచి రెండూ దిగాయి.

"పాపం మంచివాడే. నీకేది కావాలో తీసుకో అక్కా అన్నాడు. రెండోది విశాఖపట్నంలో ఎవరో హోటలాయనకి మాటిచ్చేశాడట. సాయంత్రం బండేసుకుని ఇక్కడికే వస్తానన్నాడు. నాకు మా నాన్న ఫొటో కూడా లేదండీ అన్నయ్యగారూ. ఆయనది అని చెప్పుకోడానికి ఈ దీపం ఒక్కటే. ఈ రెంట్లో ఏదో తెలీక చేజేతులా ఆయన దీపాన్ని హోటలుకి పంపేస్తానేమోనని రాత్రంతా కంటిమీద కునుకు లేదు" అన్నారావిడ.

మాస్టారు పేర్రాజు వంక చూశారు. చూడు అన్నట్టు. పేర్రాజు చూశాడు. అడుగు పీటలు రెండూ కవలలే, ఒకే ఇత్తడి, ఒకే పోత. తేడా అంతా పైనే. ఒకదానికి ఆకుపచ్చ గాజు టోపీ ఉంది. ఎక్కడా బీటలేదు, ఏ మరా మార్చలేదు, కొట్లోంచి తెచ్చిన నాటిది తెచ్చినట్టే ఉంది. రెండోదానికి ఆ గాజు లేదు. టోపీ నిలబడే కడియాన్ని ఎవరో ఆకురాయితో అరగదీసి, బెజ్జాలు పొడిచి, ఏదో డబ్బా రేకు కోసి వంచి వెనకవైపు మరుగులా బిగించారు. ముందు వైపు తెరిచి ఉంది, వెనక వైపు అడుగు దాకా మూసి ఉంది. బంగారంలాంటి దీపాన్ని పాడుచేశారే అని పేర్రాజుకి ప్రాణం ఉసూరుమంది.

"అమ్మా, సందేహం అక్కర్లేదు. గాజుదే మీ నాన్నగారిది. ఆయన చదువుకునే మనిషి. ఇంత మొరటు రేకు తగిలించుకుని అక్షరాలు దిద్దుకునేవారా? ఇది పెదనాన్నగారింట్లో ఏ వంటింట్లోనో గాలికి ఆరిపోకుండా మరుగు పెట్టుకున్నది" అన్నాడు ధీమాగా.

"అంతేనంటావా బాబూ?" అని ఆవిడ గాజు దీపం మీద చెయ్యి వేశారు. వేసి తీసేశారు. "బాగుంది. చాలా బాగుంది. కానీ చెయ్యి రావట్లేదు."

"అసలు మీకు గుర్తున్నదేమిటో చెప్పండి మరి."

"దీపం ఏమీ గుర్తులేదు బాబూ. నాన్న ముఖమే గుర్తు. అది కూడా ఈ మధ్య సరిగ్గా రావడం లేదు."

ఆ మాటకి మాస్టారు చేతిలో చిమ్నీ కింద పెట్టేశారు. "తల్లీ, నువ్వు ఎక్కడ పడుకునేదానివి?" అని అడిగారు. ఆవిడ ఆలోచించి, నాన్న బల్లకి అవతల, గోడవారగా, చాప మీద అన్నారు. "అయితే పేర్రాజూ, చాప పరువు" అన్నారాయన. పేర్రాజుకి ఏమీ బోధపడలేదు గానీ వెనక గదిలో చాప పరిచాడు, కిటికీ మూశాడు, వెంటిలేటరుకి దుప్పటి కట్టాడు. నడిమధ్యాహ్నం వేళ ఆ గది చీకటి కొట్టయింది. మాస్టారు పొట్టి బల్ల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"నేనా? ఇప్పుడు పడుకోవాలా? నా మోకాళ్ళు ఒప్పుకోవాలి కదండీ" అన్నారు రామతులసమ్మగారు.

"చంటిపిల్ల చూసింది ముసలమ్మ కుర్చీలో కూర్చుంటే ఎలా కనబడుతుంది? పడుకో తల్లీ. మేమేం అనుకోం."

ఆవిడ నవ్వుతూ, మూలుగుతూ, పేర్రాజు భుజం పట్టుకుని మొత్తానికి చాప మీద ఒత్తిగిల్లారు. ముందు గాజు దీపం వెలిగించారు. గదంతా లేత ఆకుపచ్చ పరుచుకుంది. గోడలు, చూరు, మాస్టారి తెల్ల గడ్డం, అన్నీ ఆకుపచ్చే. పేర్రాజు ఒళ్ళు పులకరించింది. ఇంత అందమైన దీపం ఆ కొట్లో వెలగ్గా అతను చూడలేదు. "పెళ్ళివారి విడిదిలా ఉందండీ. కానీ కళ్ళలో పడుతోంది. ఇలాగైతే నాకు నిద్రెలా పట్టేదో" అంటూ ఆవిడ అటు తిరిగి పడుకున్నారు.

రెండోది వెలిగించారు. ఈసారి దీపమన్నదే లేనట్టయింది. రేకు వెనక అంతా కటిక చీకటి. ఆవలి వైపున మాత్రం ఒక ముఖం, రెండు చేతులు, అంతే, గాల్లో తేలుతున్నట్టు. ఆవిడ మెల్లగా ఇటు తిరిగారు. అవునని గానీ కాదని గానీ అనలేదు. పేర్రాజు లోపల్లోపల తన మాటే నెగ్గుతుందనుకున్నాడు.

"మీ నాన్న దిద్దే కాగితాలు ఎంతేసి ఉండేవి?" అన్నారు మాస్టారు.

"పెద్దవండీ. చేతులు చాపి పట్టుకునేవారు."

సామాను చుట్టడానికి దాచుకున్న తెల్ల కాగితాల బొత్తి ఒకటి మూల ఉంటే ఆయన దాన్ని ముందుకి లాక్కున్నారు. చేతిలో పెన్సిలు పట్టుకుని, పెదాలు కదుపుతూ, ఆ ఉత్త కాగితం మీద వరస వెంట వరస చూసుకుంటూ పోతున్నారు. పేర్రాజుకి నవ్వాగలేదు. "ఏం దిద్దుతున్నారు మాస్టారూ అందులో?"

"తప్పులు వెతుకుతున్నానోయ్. ఒక్కటీ దొరకడం లేదు. దేవుడిలాంటి కంపోజిటరు" అంటూ ఆయన ఆ కాగితం అంచు పట్టుకుని పైకెత్తి, అవతలికి తిప్పారు.

తిప్పుతుండగా దీపం వెలుగు ఆ తెల్లటి కాగితానికి తగిలి, రేకు పైనుంచి దూకి, చీకటి గోడ మీద ఒక్క క్షణం తెల్లగా రెపరెపలాడి, చాప మీదుగా ఎగిరి పోయింది.

"అదుగో!" అని రామతులసమ్మగారు లేచి కూర్చున్నారు. మోకాళ్ళ సంగతి ఆవిడకి గుర్తులేదు. "అదుగో కొంగ! అదేనండీ! నాన్న పని చేసుకుంటూంటే మా ఇంట్లోకి కొంగ వచ్చేది. నేను చూసేదాన్ని. అమ్మతో చెబితే, ఇంట్లోకి కొంగలేమిటే పిచ్చిదానా, కల కన్నావు, పడుకో అనేది. కలేననుకున్నాను. ఇన్నేళ్ళూ ఎవరితోనూ అనలేదు. అన్నయ్యగారూ, ఇంకొక్కసారి తిప్పండి."

మాస్టారు తిప్పారు. మళ్ళీ తిప్పారు. బొత్తి అంతా అయిపోతే మొదటికి వచ్చి మళ్ళీ తిప్పారు. ఆవిడ మళ్ళీ ఎప్పుడు పడుకున్నారో, చెయ్యి తల కింద పెట్టుకుని గోడ వంకా, గోడ మీంచి ఆ ముఖం వంకా చూస్తూ ఉండిపోయారు. పేర్రాజు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. గాజు దీపాన్ని కూడా మరోసారి వెలిగించి తిప్పి చూద్దామా అని నోటిదాకా వచ్చింది గానీ, పచ్చటి గోడ మీద ఏ కొంగా కనబడదని అతనికే తెలిసిపోయి ఊరుకున్నాడు.

కాసేపటికి ఆవిడ లేచి, మాస్టార్ని పక్కకి జరగమని, ఆయన కూర్చున్న చోట తాను కూర్చున్నారు. ఇన్నేళ్ళలో దీపానికి ఈ వైపు రావడం ఆవిడకి అదే మొదలు. ఎదురుగా రేకు అడ్డం. చాప కనబడదు. ఆవిడ మెల్లగా పక్కకి వంగి, రేకు అంచు మీంచి ఖాళీ చాపని చూశారు. "ఇలా వంగేవారు. మధ్యమధ్యలో ముఖం ఒక్కటే ఇలా పక్కకి వచ్చేది. నిద్రపోయానో లేదో అని" అన్నారు.

సాయంత్రం బాపిరాజు బండితో దిగాడు. "ఆయ్, రేకుదా అక్కా? గాజుది వదిలేసి రేకుది పట్టుకెళ్తావా? బాగా ఆలోచించుకున్నావా?" అని రెట్టించి మరీ అడిగాడు. "ఇదేరా తమ్ముడూ. ఆ హోటలాయనకి మంచిదే పంపించు, మాట పడకు" అని ఆవిడ దీపాన్ని గోనెలో కాదు, తన శాలువాలో చుట్టుకుని, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కారు.

వీధి మళ్ళీ మామూలైపోయింది. పేర్రాజు చాప చుట్టి, దుప్పటి దింపి, మాస్టారి ఎదుట వచ్చి నిలబడ్డాడు. అతని మనసులో ముల్లు ఇంకా ఉంది. "అయితే నేను చూసిన గుర్తులన్నీ తప్పేనా మాస్టారూ?"

మాస్టారు పడక్కుర్చీలో వెనక్కి వాలారు. ఈసారి చిమ్నీ అందుకోలేదు. "తప్పెందుకవుతుందోయ్? దీపం ఎవరికి వెలుగిచ్చిందో చూశావు, బాగానే చూశావు. ఎవరికి చీకటి ఇచ్చిందో కూడా చూస్తూ ఉండు" అన్నారు.