పన్నెండో పున్నమి

“కంటితో చూడనిదాన్ని హైకూలో రాయవచ్చునా అమ్మా?” అని కూర్మారావు తన గురువు భ్రమరాంబ గారిని అడిగాడు. అడిగింది ఆషాఢ పున్నమి నాడు, అంటే గురుపూర్ణిమ సాయంత్రం. ఆమె తన శిష్యులకు పెట్టిన నియమం ఒక్కటే, చూసిందే రాయాలని. ఆ నియమాన్ని ఇవాళ కాస్త సడలిస్తారేమోనని అతని ఆశ. నెలకొకటి చొప్పున పన్నెండు పున్నముల మీద పన్నెండు హైకూలు రాస్తానని అతను మొక్కుకున్నంత పని చేశాడు. చైత్రంలో వేపపూత మీది వెన్నెల, కార్తీకంలో మంచు, పుష్యంలో తాటితోపు మీది పొగమంచు, ఇలా పదకొండు పూర్తయ్యాయి. ఆషాఢం ఒక్కటే లొంగలేదు. మూడేళ్లుగా సరిగ్గా ఆ రోజుకే మబ్బు కమ్ముతోంది. ఆగుదామంటే వీలు లేదు. భ్రమరాంబ గారి చూపు మందగిస్తోంది, వచ్చే ఏడాదికి అక్షరాలు ఆనవని డాక్టరు చెప్పేశాడు. ఆమె తన కళ్లతో చదవగలిగినప్పుడే పన్నెండూ గురుదక్షిణగా ఆమె చేతిలో పెట్టాలని అతని తపన. ఊహించి రాసేస్తే ఎవరికి తెలుస్తుందన్న ఆలోచన కూడా వచ్చిందని ఒప్పుకున్నాడు, పాపం.

ఆమె “పద, సముద్రం దాకా నడిచొద్దాం,” అని అతని చెయ్యి పట్టుకుంది.

ఇద్దరూ వెళ్లి ఒడ్డున ఉన్న ఓ పడవ పక్కన కూర్చున్నారు. కూర్మారావు తూర్పు దిక్కు నుంచి కళ్లు తిప్పలేదు. మబ్బుకు ఎక్కడా చిల్లు పడలేదు. అంతలో ఆ పడవ తాలూకు పోలమ్మ, ఆమె తోడికోడలు వచ్చి వలలు పైకి మోసుకుపోవడం మొదలుపెట్టారు. నీరొస్తుంది, లేవమని పోలమ్మ చెప్పింది. ఇవాళ పున్నమి కదా అని కూడా అంది. భ్రమరాంబ గారు ఆ మాటకే లేచి గట్టు మీదికి వెళ్లిపోయింది. కూర్మారావు మాత్రం నవ్వి, పున్నమైతే చంద్రుడేడని అడిగాడు.

పోలమ్మ వల భుజానికెత్తుకుంటూ, “ఆకాశంలో అగుపడకపోతే ఏటి మాస్టారూ, నీటికి తెలీదా?” అంది.

ఆమె నమ్మకం చూసి అతనికి ముచ్చటేసింది గాని కదల్లేదు. పదినిమిషాలు కాకముందే అల ఒకటి వచ్చి అతని చెప్పులను తీసుకుపోయింది. ఇక పడవకు చెయ్యి వెయ్యమని పోలమ్మ కేకేసింది. వేశాడు. నీళ్లు మడమలు దాటి మోకాళ్లకొచ్చాయి. వెనక్కి మళ్లే ప్రతి అల కాళ్లకింది ఇసుకను కొంచెం కొంచెం గుంజుకుపోతుంటే, పడకుండా పడవ అంచును పట్టుకున్నాడు. ఇంత బలంగా లాగుతున్నదేమిటని ఒక్క క్షణం నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఆ తర్వాత సిగ్గేసింది. పదిహేనేళ్లుగా ఎనిమిదో తరగతికి ఆటుపోట్ల పాఠం చెబుతున్న సైన్సు మాస్టారు అతను. బోర్డు మీద సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ భూమినీ గీసి, బాణం గుర్తులు పెట్టి మరీ చెబుతాడు. ఆ బాణం ఇప్పుడు తన పాదాల కింద ఉంది. పడవ గట్టెక్కాక కూడా అతను నీళ్లలోనే నిలబడిపోయాడు. ఆకాశం వైపు ఒక్కసారీ చూడలేదు.

తడిసిన ప్యాంటుతోనే వచ్చి, మిగిలిన కొద్దిపాటి వెలుతురులో పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాడు.

ఆషాఢ మబ్బు
కాళ్లకింది ఇసుక
లాగిందెవరో

భ్రమరాంబ గారు కాగితాన్ని ముక్కుకు తాకేంత దగ్గరగా పెట్టుకుని, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ చదివింది. ఆమె ముఖం విప్పారడం చూసి కూర్మారావుకు ఏడుపొచ్చినంత పనైంది. మిగతా పదకొండూ చదవమంది. అతను చొక్కా జేబులోంచి కాగితాలు తీసి హుషారుగా మొదలుపెట్టాడు. చైత్రంలో చంద్రుడు వెండిపళ్లెం, వైశాఖంలో ముత్యం, జ్యేష్ఠంలో మళ్లీ పళ్లెమే. ప్రతిదాంట్లోనూ పైన చంద్రుడు వెలుగుతున్నాడు, కింద చూసేవాడి జాడ లేదు. ఆరోదానికే గొంతు తగ్గింది. తొమ్మిదోది సగంలో ఆపేశాడు.

ఆమె ఆషాఢం కాగితాన్ని మడిచి కొంగున ముడివేసుకుంది. తక్కినవి అతని దగ్గరే ఉంచుకొమ్మని సైగ చేసింది.

“కానీ అమ్మా, వచ్చే ఏటికి మీరు...” అని అతను ఆ మాట పూర్తి చెయ్యలేకపోయాడు.

“ఇంకా పదకొండు పున్నములున్నాయి నాయనా,” అందామె, తనను లేపమని చెయ్యి చాస్తూ. “చదివి వినిపిద్దువుగాని.”