సర్పి సోకిన కువలయ కథ: శీతలగౌరీ వ్రతము

పూర్వము వేణువనమున తపమాచరించుచున్న ధౌతకేశ మహామునిని శుభాక్షుడను ముని సమీపించి, నమస్కరించి యిట్లడిగెను: "స్వామీ, ఒంటికి ఒక ప్రక్కన పొక్కులు పట్టీవలె చుట్టుకొని నిప్పువలె మండు సర్పి యను వ్యాధి పెక్కుమందిని బాధించుచున్నది. అది సర్పశాపమనియు, రోగి చేసిన పాపఫలమనియు జనులు చెప్పుచున్నారు. ఆ పాపము తొలగుటకు రోగి ఏ వ్రతము చేయవలెను?"

ఆ మాట విని, ఎన్నడును కోపమెరుగని ధౌతకేశుని కన్నులు ఎఱ్ఱబడెను. పాపము రోగిది కాదనియు, రోగిని పాపి యన్నవారిదనియు, వ్రతము చేయవలసినవారు వారేననియు పలికి, ఈ కథను చెప్పెను.

గోస్తనీ తీరమున హరిద్రాపురమను పట్టణము గలదు. అందు మణిధరుడను నేతగాడు వసించుచుండెను. అతని మగ్గములపై దిగిన చీరల కొరకు దూరదేశముల వర్తకులు వచ్చుచుండిరి. వారు మెచ్చిన అంచులను, ఆ అంచులలోని హంసలను, లతలను కల్పించి నేయునది అతని చెల్లెలు కువలయ. భర్తను పోగొట్టుకొని ఆమె అన్న యింటనే యుండెను. మణిధరుని భార్య మందాకిని ఆమెను తోబుట్టువువలె చూచుకొనుచుండెను.

ఒక వేసవిలో కువలయకు ఎడమ పక్కటెముకల చెంత మంట పుట్టెను. చీర తగిలినను సూదులు గ్రుచ్చినట్లుండెను. పిమ్మట పొక్కులు గుంపులుగా లేచెను. వైద్యుని పిలిపింపుమని మందాకిని భర్తను వేడుకొనెను. అతడు వినక, దోషములు చెప్పు భైరవయ్యను పిలిపించెను. భైరవయ్య పొక్కులను చూచి, ఇది పాము చుట్టుటయే యనియు, తలయు తోకయు కలిసిన ప్రాణము పోవుననియు, ఈమె నాగుపామునైన చంపియుండవలెను, పుట్టనైన త్రవ్వియుండవలెననియు నిశ్చయించెను. తాను చీమకైన కీడు చేయలేదని కువలయ ఏడ్చెను. ఆ ఏడుపు ఎవరి చెవికిని ఎక్కలేదు. జేగురుమన్నుతో ఆమె ఒంటిపై పామును వ్రాసి, దాని పడగ మీద కాల్చిన కడ్డీతో వాత పెట్టిరి. ఇంటిలో తిరుగరాదని నూలుకొట్టులో ఉంచి, పెరుగు పండ్లు మాన్పించి, ఉప్పులేని గంజి పోసిరి. చూడవచ్చిన బంధువులు నొప్పి యెట్లున్నదని అడుగరైరి. "ఏం చేశావమ్మా?" అని అడిగి పోయిరి.

వాత పుండయ్యెను. పొక్కులు చీముపట్టెను. పైన మానినను లోపలి నొప్పి మానదయ్యెను. ఆమె మగ్గము ముందు కూర్చున్నను చేయి చాపలేకపోయెను. అంచులు లేని చీరలను చూచి వర్తకులు తిరిగిపోయిరి. మగ్గములు ఆగెను, ఇంట దారిద్ర్యము కాలుపెట్టెను. దానికిని చెల్లెలి పాపమే కారణమని మణిధరుడు నిందించెను.

మరుసటి యేడు మణిధరుని నుదుటనే ఆ మంట పుట్టెను. పొక్కులు కనుబొమ దాటి ముక్కు కొన వరకు దిగెను. కన్ను ఎఱ్ఱబడి నీరు కారెను. అతడు భయపడి వైద్యుని కొరకు కేకలు వేసెను. భైరవయ్యయు వచ్చి, ఇవి వేడి చేసి లేచినవే గాని దోషము కాదని సెలవిచ్చెను.

మందాకిని వాకిట నిలిచి, చుట్టుప్రక్కలవారందరు వినునట్లు పలికెను:

"నా ఆడపడుచుకొస్తే పాపం, ఈయనకొస్తే వేడా? అవే పొక్కులు, అదే మంట. అప్పుడు వైద్యుణ్ణి పిలవమని నేను వేడుకుంటే ఈ ఇంట్లో ఒక్కరూ వినలేదేం? ఆమెకి కడ్డీ పెట్టిన చేత్తోనే ఈయన నుదుటి మీద కూడా పెట్టండి, చూద్దాం."

భైరవయ్య ఉత్తరీయము సర్దుకొని వెడలిపోయెను. అప్పుడు నూలుకొట్టు నుండి కువలయ వచ్చెను. అన్న ముఖము చూడరాదని ఆమె అనుకొనియుండెను. అయినను ఆ కంటిని చూచి, "నా సంగతి తర్వాత మాట్లాడుకుందాం వదినా. ఈ కన్ను పోయేలా ఉంది. నువ్వే వెళ్లి వైద్యుణ్ణి తీసుకురా," అనెను.

మందాకిని తాపములను చల్లార్చు శీతలగౌరీదేవిని తలచి పరుగున పోయి, సోమనాథుడను వైద్యుని తోడితెచ్చెను. అతడు కంటిని చూచి వెంటనే మందిచ్చి, దీనికిని పాములకును ఏ సంబంధము లేదని చెప్పెను. చిన్ననాడు ఆటలమ్మ పోసినపుడు చేరిన బీజము నరముల మొదట నిద్రించి, బలము తగ్గినపుడు మేల్కొనుననియు, పొక్కులు కనబడిన తొలిదినములలోనే మందు పడవలెననియు వివరించెను. చల్లని తడిగుడ్డ వేయుడనియు, వదులైన నూలుబట్ట కట్టుడనియు, పొక్కులు చిదుపక శుభ్రమైన గుడ్డ కప్పుడనియు చెప్పెను. అవి ఎండువరకు గర్భిణులకును, పసిబిడ్డలకును, ఆటలమ్మ పోయనివారికిని ఆ రసి తగులరాదనెను. తక్కినవారు చెంత కూర్చుండవచ్చుననియు, రోగికి కడుపునిండ పెట్టవలెననియు పలికెను.

పిమ్మట కువలయ ఒంటి వాతను చూచి, ఇది ఎవరి పని యని అడిగెను. భైరవయ్య మాట విని ఇంటివారు పెట్టించిరని మందాకిని చెప్పెను. నరములలో పాతుకొన్న నొప్పి పూర్తిగా పోవునని చెప్పలేననియు, తగ్గింపగలననియు పలికి ఆమెకును మందిచ్చెను.

మందాకిని వ్రతము పట్టి, శీతలగౌరీదేవిని పూజించి, పెరుగన్నము నివేదించి, మొదటి ముద్ద కువలయకు పెట్టెను.

మణిధరుని కన్ను దక్కెను గాని, మంట వానకాలము వరకు వదలలేదు. గాలి తగిలినను అతడు మూలుగుచుండెను. ఒకనాడు చెల్లెలి యెదుట కూర్చుండి, "ఇంత నొప్పితోనా నువ్వు ఆ కొట్లో ఉన్నావు?" అని అడిగెను.

"నొప్పికి ఏడవలేదన్నయ్యా. వచ్చినవాళ్లంతా ఏం చేశావని అడుగుతుంటే, నువ్వు నేల చూశావు. దానికి ఏడ్చాను," అని కువలయ బదులిచ్చెను.

మణిధరుడు సిగ్గుపడి, ఊరి వారినందరిని పిలిచి, తన చెల్లెలు నిర్దోషి యనియు, తప్పు తనదనియు చాటెను. నూలుకొట్టు నుండి ఆమె మంచమును గాలివచ్చు వసారాకు స్వయముగా మోసెను. కువలయ నొప్పి వచ్చినపుడు ఆగుచు, తగ్గినపుడు నేయుచు మరల హంసలను అల్లెను. వర్తకులు మరలివచ్చిరి. ఆ యింట సంపద నిలిచెను.

కావున శుభాక్షా, ఇంట సర్పి సోకినవారున్న గృహస్థులును, అత్తలును, కోడండ్రును, అన్నదమ్ములును మందాకిని చేసినట్లు ఈ శీతలగౌరీ వ్రతము చేయవలెను. "ఏం చేశావు?" అని రోగిని అడిగినవారు అందరికంటె ముందు చేయవలెను. మందు ముందు, పూజ తరువాత. వైద్యుని పిలువక చేసిన పూజకు ఫలము లేదు. ఈ విధముగ ఆచరించిన యింట కన్నులు చల్లగా నుండును, నిద్రలు నిండుగా నుండును, చేతిపనులు సాగును, తోబుట్టువుల నడుమ మాట నిలుచును. రోగిని పాపి యన్న నాలుకతో ఎన్ని స్తోత్రములు చదివినను గౌరీదేవి ఆలకింపదు.